దాలమ్మ ఊ, దాలమ్మ ఊహూ

పలాస దగ్గర జీడిపిక్కల షెడ్డుల పక్కన ఒక పేటలో, ఎవరేం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, "ఊ" అనే దాలమ్మ ఉండేది.

ఆవిడ చెవులు బాగానే పనిచేసేవి. మనసు ఇంకా మంచిది. చిక్కంతా ఆ ఒక్క అక్షరంతోనే. చెప్పేవాళ్ళని మధ్యలో ఆపి "అంటే ఏటి?" అని అడిగితే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమోనని ఒక భయం. తనని తెలివితక్కువది అనుకుంటారేమోనని ఇంకో భయం. ఈ రెండింటికీ కలిపి ఆవిడ కనిపెట్టుకున్న చిట్కా "ఊ". ఒకసారి బస్సులో కండక్టరు, "టెక్కలి దిగేవాళ్ళు దిగిపోవాలి, తర్వాత మధ్యలో ఎక్కడా ఆపం, తెలిసిందా?" అన్నాడు. టెక్కలిలో దిగాల్సిన దాలమ్మ "ఊ" అని, హాయిగా కూర్చునే ఉండి, శ్రీకాకుళం చూసి వచ్చింది. ఇంకోసారి పక్కింటావిడ గోడ మీదుగా ఏదో అడిగితే "ఊ" అంది. సాయంత్రానికి దాలమ్మ కోడిపుంజు పక్కింటి కూరలో ఉడుకుతోంది. అయినా బుద్ధి రాలేదు.

అయితే ఆ ఊ వల్లనే ఆవిడంటే అందరికీ ఇష్టం కూడా. షెడ్డులో ఆడవాళ్ళు పిక్కలు కొడుతూ కథలు చెప్పుకునేవారు. కథ అన్నాక ఊ కొట్టే మనిషి ఉండాలి కదా. దాలమ్మలాగ ఊ కొట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఏడుపు కథకి ఊ ని సాగదీసేది. దెయ్యం కథకి గొంతు తగ్గించేది. అందుకే ఆవిడ పక్కన పీట వేసుకోవడానికి పోటీ పడేవారు. "దాలమ్మ ఊ అందంటే ఆవిడికి అంతా తెలిసిపోయినట్టే" అని షెడ్డంతా గట్టిగా నమ్మేది. పాపం, ఆ నమ్మకమే తర్వాత కొంప ముంచింది.

మనం పాయసంలో వేసుకుని లొట్టలేస్తాం గానీ, ఆ జీడిపప్పు పెంకులోంచి బయటికి రావడానికి ఎన్ని చేతులు కాలతాయో మనకి తెలియదు. పిక్క పెంకులో నల్లటి జిగట నూనె ఉంటుంది. తగిలినచోటల్లా చర్మాన్ని కొరికేస్తుంది. ఆడవాళ్ళు అరచేతుల్లో ఆముదం పోసుకుని, రెండు చేతులూ గట్టిగా రుద్దుకుని, బూడిద అద్దుకుని పనిలో కూర్చునేవారు. అయినా వేళ్ళు నల్లబడేవి, పొరలు లేచేవి, పగిలేవి.

అందరికన్నా ఎక్కువ అవస్థ పడుతున్నది చిన్నమ్మడు. ఇరవై దాటిన పిల్ల. మొగుడికి నడుం దెబ్బతిని మంచం పట్టాక ఇల్లు ఆమె చేతుల మీదే నడిచేది. ఒళ్ళో చంటిపిల్ల. దాలమ్మని ఆమె "అప్పా" అని పిలిచేది. ఆ వైపు అక్కని అలాగే అంటారు.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర చిన్నమ్మడు పచ్చడి కలపబోయి, చెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కుంది. పచ్చడి పక్కన పెట్టి వట్టి గంజన్నం తింది.

"కారం సంగతి పోనీ అప్పా," అంది. "పిల్ల బుగ్గ ముట్టుకుంటే ఏడుత్తంది. నా సెయ్యి గరుకు దానికి. కన్నతల్లి సెయ్యి ముల్లయిపోనాది."

దాలమ్మ "ఊ" అంది. ఈ ఊ మాత్రం గుండెలోంచి వచ్చింది. ఆవిడకీ అదే బాధ కాబట్టి, విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాంటి రోజుల్లో పెద్దాసుపత్రి నుంచి సుభాషిణి అనే డాక్టరమ్మ షెడ్డుకి వచ్చింది. మంచి మనిషి. కానీ ఆవిడ మాట రైలు. ఒకసారి బయల్దేరిందంటే ఆగేది కాదు.

"ఈ చేతుల పగుళ్ళకి ఒక కొత్త పూత మందు తయారుచేశారమ్మా," అంది ఆవిడ. "అది పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. తెలుసుకోవాలంటే ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ళ మీద ప్రయోగించి చూడాలి. దీన్నే క్లినికల్ ట్రయల్ అంటారు."

ముందు వరసలో కూర్చున్న దాలమ్మకి ఆ మాటలన్నిట్లో ఒక్కటే చెవిన పడింది. ప్రయోగం. వాళ్ళ పేటలో ప్రయోగం అంటే పడనివాళ్ళ మీద నిమ్మకాయలూ కుంకుమా పెట్టి చేయించేది. భయంతో పీట వెనక్కి జరుపుకుంది. ఇంత చదువుకున్న మనిషి మా మీద ప్రయోగం ఎందుకు చేస్తానంటోంది అనుకుంది. ఆ మాట అప్పుడే అడిగి ఉంటే డాక్టరమ్మ నవ్వి, విడమరిచి చెప్పేది. అడగలేదు. ఆ భయంలో తర్వాత చెప్పినదేదీ ఆవిడ బుర్రకెక్కలేదు. నోరు మాత్రం అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోయింది.

"ఎర్ర మూత ట్యూబు కుడి చేతికే. నీలం మూత ట్యూబు ఎడమ చేతికే. ఒకదాంట్లో మందు ఉంటుంది, ఇంకోదాంట్లో ఉత్తి పూత ఉంటుంది."

"ఊ."

"చేత్తో రాసుకోకూడదు. ఇదిగో, ఈ పుల్లలతో రాయాలి. రాశాక రెండు చేతులూ ఒకదానికొకటి తగలకూడదు."

"ఊ."

డాక్టరమ్మ మురిసిపోయింది. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళని నేను చూడలేదంది. వెనక వరసల్లో వాళ్ళు దాలమ్మని చూసి తలలూపారు. ఆవిడ వేలిముద్ర వేస్తే వాళ్ళూ వేశారు. చిన్నమ్మడు కూడా లేచింది గానీ డాక్టరమ్మ ఆపింది.

"పాలిచ్చే తల్లిని నిన్ను చేర్చుకోకూడదమ్మా. ఈ మందు పసిబిడ్డకి మంచిదో కాదో మాకింకా తెలియదు. ముందు వీళ్ళందరిలో ఇది పనిచేస్తుందని తేలనీ. తేలితేనే అది మీ షెడ్డు దాకా వస్తుంది."

"అయితే నా సేతులు మీ సేతుల్లో ఉన్నాయి అప్పా," అంది చిన్నమ్మడు, దాలమ్మతో.

డాక్టరమ్మ వెళ్ళగానే ఆడవాళ్ళంతా దాలమ్మ చుట్టూ మూగారు.

"అప్పా, రెండు ట్యూబులూ ఆముదంలాగ కలిపి రుద్దుకోవచ్చా?"

"ఊ."

"మరి ఈ పుల్లలేటికి? పొయ్యిలో పెట్టుకోడానికా?"

"ఊ," అంది దాలమ్మ, ఆ ఒక్క అక్షరంతో ట్రయల్ మొత్తాన్ని పొయ్యిలో పెడుతూ.

ఇక చూడండి. పేటంతా ఎర్ర ట్యూబూ నీలం ట్యూబూ ఒకే అరచేతిలో పిండుకోవడం, రెండు చేతులూ కలిపి రుద్దుకోవడం. డాక్టరమ్మ వారం వారం వచ్చి చేతులు చూసేది. "చెప్పినట్టే రాస్తున్నారా?" అని అడిగేది. దాలమ్మ అందరి తరఫునా "ఊ" అనేది. చేతులు కొంచెం మెత్తబడ్డాయి. రెండూ ఒక్కలాగే మెత్తబడ్డాయి.

అనుకున్న గడువు దగ్గరపడుతుండగా ఒకరోజు డాక్టరమ్మ అందరి చేతులూ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఆవిడ మొహం వాడిపోయింది.

"ఏం చెప్పమంటారు? ప్రతివాళ్ళకీ రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. మందు రాసిన చేతికీ, ఉత్తి పూత రాసిన చేతికీ తేడా లేదంటే ఆ మందులో పస లేదన్నమాట. నేను చూసింది చూసినట్టు పైకి రాయాలి. ఇంక దీన్ని ఇక్కడితో ఆపేస్తారు."

గుమ్మం దగ్గర పిల్లని చంకనేసుకుని నిలబడిన చిన్నమ్మడు, "మరి నాలాటోలికి ఆ మందు రాదేటి?" అంది.

"పనిచెయ్యని మందు ఎవరికని ఇస్తామమ్మా?"

చిన్నమ్మడు పిల్లని ఇంకో చంకలోకి మార్చుకుంది. పిల్ల మొహం మీది ఈగని తోలబోయి, వేళ్ళు తగులుతాయని, చెయ్యి ముడిచి మణికట్టుతో తోలింది. దాలమ్మ అది చూసింది.

డాక్టరమ్మ సంచీ సర్దుకుంటూ, పోతూ పోతూ, "దాలమ్మ గారూ, ఏ ట్యూబు ఆ చేతికే రాశారు కదా? ఒక చేతిది ఇంకో చేతికి అంటలేదు కదా?" అని అడిగింది.

అప్పటికి గానీ ఆ మాట దాలమ్మ బుర్రకెక్కలేదు. ఊ నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఊ అంటే అయిపోయేది. డాక్టరమ్మ వెళ్ళిపోయేది, మందు పోయేది, దాలమ్మ పరువు మాత్రం భద్రంగా ఉండేది. షెడ్డంతా ఆవిడ వైపే చూస్తోంది. ఆవిడ చిన్నమ్మడి మణికట్టు వైపు చూసింది.

"ఊహూ," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు మరి.

"ఊహూ, డాక్టరమ్మా. నీ మందు తప్పు నేదు. తప్పు నాది. నువ్వు పెయోగం అన్నావు. నాకు బయమేసి మరేటీ ఇన్నేదు. ఇన్నట్టు ఊ అన్నాను. రెండూ కలిపి రుద్దీసుకున్నాం. ఈళ్ళకి అలా సెప్పింది నానే. పుల్లలు పొయ్యిలో పెట్టీమన్నదీ నానే."

షెడ్డంతా గోలెత్తిపోయింది. "ఒలే, నీకు తెలుసుననీ కదే మేం ఏలిముద్దరేసినాం!" అని వెనక వరసలోని పున్నమ్మ అరిచింది. పున్నమ్మ మాట ఎప్పుడూ పెళుసే. కానీ ఆ రోజు అందులో న్యాయం ఉంది. దాలమ్మ తల వంచుకుని ఏడ్చింది. బస్సు దాటిపోయినప్పుడు, కోడి పోయినప్పుడు నష్టం తన ఒక్కదానిదే. ఈసారి ఇంతమంది మీద పడింది.

డాక్టరమ్మ సంచీ కింద పెట్టి, ఒక పీట లాక్కుని కూర్చుంది. కాసేపు కోపాన్ని మింగుకుంది. కోపం రాలేదంటే నేను నమ్మను. తర్వాత మాత్రం మెల్లగా మాట్లాడింది. అంత మెల్లగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడి ఉండదు.

"మీరు ఈ మాట చెప్పకపోతే, బహుశా మంచి మందునే చెడ్డదని రాసి చేతులు దులుపుకునేదాన్ని. చెప్పారు, అది చాలా గొప్ప సంగతి. ఇక తప్పంటారా, అందులో నాకూ వాటా ఉంది. ఊ వింటే చాలనుకున్నాను. మీకేం అర్థమైందో మీ నోటితో తిరిగి చెప్పించుకోలేదు."

"మరిప్పుడు?" అంది చిన్నమ్మడు.

"ఇక్కడ ఇప్పటిదాకా చూసింది లెక్కలోకి రాదు. జరిగింది ఉన్నదున్నట్టు మా పెద్దవాళ్ళకి రాస్తాను. వాళ్ళు సరేనంటే, మీకు ఇష్టమైతే, మళ్ళీ మొదటినుంచి. వద్దంటే నేనేం చెయ్యలేను."

సమాధానం వచ్చేదాకా దాలమ్మ ఓ మూల పీట వేసుకుని పిక్కలు కొట్టేది. కథలకి ఊ కొట్టమంటే తల తిప్పుకునేది. చివరికి పెద్దవాళ్ళు సరేనన్నారు.

డాక్టరమ్మ రెండోసారి వచ్చినప్పుడు దాలమ్మ మళ్ళీ ముందు వరసలోనే కూర్చుంది. ఈసారి ఊ అనడానికి కాదు.

"ముందు ఆ పెయోగం అంటే ఏటో సెప్పు."

"కొత్త పాత్రలో పాలు కాచే ముందు నీళ్ళు పోసి చూస్తారు కదా, కారుతుందా లేదా అని. అలా చూడడం. చేతబడి కాదు," అని డాక్టరమ్మ నవ్వింది. "ఇదివరకే కొద్దిమంది మీద, జాగ్రత్తగా, హాని ఉందా అని చూశారు. పెద్ద హానేమీ కనపడలేదు. కానీ మీకు మంట పుట్టొచ్చు, దద్దుర్లు రావచ్చు. రావని నేను మాట ఇవ్వను."

"వత్తే?"

"వెంటనే మానేసి నాకు ఫోన్ చెయ్యాలి. వైద్యం మేమే చేయిస్తాం."

"ఏ ట్యూబులో మందుందో సెప్పీరాదూ?"

"నాకూ తెలియదు."

"నీకే తెలీదా!" అని అందరూ ఒక్కసారి అన్నారు.

"తెలియకూడదు. తెలిస్తే ఆ చెయ్యి నాకు బాగుపడ్డట్టే కనిపిస్తుంది. మీకు తెలిసినా అంతే. కన్నపిల్ల నల్లగా ఉన్నా తల్లికి చందమామే కదా. అందుకే ఎవరికి ఏ ట్యూబులో ఏముందో మాకు దూరంగా ఉన్నవాళ్ళ దగ్గర దాచారు. అంతా అయ్యాకే చెబుతారు."

దాలమ్మ ఆలోచించింది. "మద్దిలో వద్దనిపిత్తే?"

"ఏ రోజైనా మానెయ్యొచ్చు. ఎందుకని అడగను."

"సేరకపోతే పనిలోంచి తీసెత్తారా?" అని పున్నమ్మ అడిగింది.

"తియ్యరు. దానికీ దీనికీ సంబంధం లేదు. మీకు మామూలుగా జరగాల్సిన వైద్యం కూడా ఆగదు."

"అయితే నాను సేరను," అంది పున్నమ్మ. "నాకీ దద్దుర్ల గొడవ వద్దు."

డాక్టరమ్మ, "సరేనమ్మా," అంది. అంతే. ఎవరూ పున్నమ్మని ఒక్క మాట అనలేదు. ఆవిడ విన్నది, అడిగింది, వద్దనుకుంది. అదీ ఒక జవాబే.

తర్వాత డాక్టరమ్మ ప్రతివాళ్ళ చేతా విన్నది తిరిగి చెప్పించింది. దాలమ్మ వంతు వచ్చినప్పుడు ఆవిడ కుడి చెయ్యి ఎత్తి ఎర్ర మూత, ఎడమ చెయ్యి ఎత్తి నీలం మూత, పుల్లలు పొయ్యిలో పెట్టకూడదు అని చెప్పింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది.

"మరి చేరతారా?"

అలవాటైన అక్షరం మళ్ళీ నోటి దాకా వచ్చింది. దాలమ్మ దాన్ని మింగేసింది. "ఇంటికెల్లి ఆలోసించి రేపు సెప్తాను," అంది. మర్నాడు వచ్చి, "సేరతాను," అని నిండు మాట అంది.

ఇక అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. రోజులు గడిచేకొద్దీ దాలమ్మ ఎడమ చెయ్యి మెత్తబడింది. పగుళ్ళు పూడాయి. వేళ్ళ మీద కొత్త చర్మం వచ్చింది. కుడి చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఎర్రగా మండుతూ ఉంది. దేవుడు వేళాకోళమాడితే ఇలాగే ఉంటుంది. బాగుపడిన చేత్తో అన్నం తినకూడదు, తినాల్సిన చెయ్యి బాగుపడలేదు. పచ్చడన్నం కలిపితే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. పక్కనే నీలం మూత ట్యూబు ఉండేది. ఒక్క చుక్క కుడి చేతికి అంటిస్తే ఎవరు చూడొచ్చారు?

ఒకరోజు ఆవిడ మూత తీసింది కూడా. ట్యూబు నొక్కబోయింది. వీధిలో చిన్నమ్మడి పిల్ల ఏడుపు వినిపించింది. అది ఆకలి ఏడుపో, తల్లి చెయ్యి గీరుకున్న ఏడుపో ఆవిడకి తెలియదు. కానీ, "నా సేతులు మీ సేతుల్లో ఉన్నాయి అప్పా" అన్న మాట గుర్తొచ్చింది. దాలమ్మ మూత పెట్టేసింది. మంటని అలాగే భరించింది. తర్వాత డాక్టరమ్మ వచ్చి, "చెప్పినట్టే రాస్తున్నారా?" అని అడిగినప్పుడు, "రాత్తన్నాను. ఒకపాలి మూత తీసినాను గాని, రాయనేదు," అని చెప్పింది. డాక్టరమ్మ ఆవిడ మండే చేతిని తన చేతిలోకి తీసుకుని, కాసేపు వదల్లేదు.

గడువు పూర్తయింది. దూరంగా దాచిన సంగతి విప్పి చూస్తే, కొందరికి కుడి, కొందరికి ఎడమ, మందు రాసిన చెయ్యే బాగుపడింది. అందరికీ కాదు, ఇద్దరు ముగ్గురికి ఏ మార్పూ లేదు. ఒకామెకి దద్దుర్లు వచ్చి మధ్యలో మానేసింది కూడా. ఇంకా కొన్ని చోట్ల చూడాలని డాక్టరమ్మ చెప్పింది. అవన్నీ చూసి, మంచిదని తేల్చి, ఆ మందు షెడ్డులోకి వచ్చేసరికి చిన్నమ్మడి కూతురు తల్లిపాలు మాని, అన్నం తింటూ, పేటంతా పరుగులు పెడుతోంది.

మందు వాడిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం షెడ్డులో అన్నాలకి కూర్చున్నారు. చిన్నమ్మడు ఎర్రటి ఆవకాయ వేసుకుని, అయిదు వేళ్ళూ ముంచి, తీరిగ్గా అన్నం కలిపింది. చురుక్కుమనలేదు. పక్కనున్న కూతురు బుగ్గ ఎడమ చేత్తో నిమిరింది. ఆ పిల్ల ఏడవలేదు, ఇంకా దగ్గరికి జరిగింది. చిన్నమ్మడు మొదటి ముద్ద దాలమ్మ నోట్లో పెట్టింది.

"కారంగా ఉందా అప్పా?"

దాలమ్మ నోరు మండింది, కళ్ళు చెమర్చాయి. నిదానంగా నమిలి, మింగి, ఆ తర్వాత, "ఊ," అంది.

అర్థం కానిదానికి ఊ అనడం మర్యాద కాదు; అడిగి తెలుసుకుని, ఇష్టపడి ఇచ్చిన మాటే మాట, ఆ మాట నిలబెట్టుకున్నప్పుడే మనం పడ్డ కష్టం ఇంకొకరికి మందవుతుంది.